తింటూ వినొచ్చా? జాజ్ సప్పర్ క్లబ్ గురించి మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన సంచికలో చిన్న సప్పర్ క్లబ్‌లో కూర్చుని జాజ్ వినడం గురించి రెండు మాటలు రాసి, ఏమైనా అడగాలనిపిస్తే అడగమన్నాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం చెప్తున్నాను, సప్పర్ క్లబ్ అంటే పెద్ద హాలు కాదు. యాభై మందో, వంద మందో పట్టే గది, దగ్గర దగ్గరగా బల్లలు, తక్కువ వెలుతురు, రాత్రి భోజనం, ఆ బల్లలకు నాలుగడుగుల దూరంలో వాయించే బ్యాండ్. అంతే. అన్ని ఉత్తరాలకూ ఇక్కడ చోటు లేదు కాబట్టి ఎక్కువమంది అడిగినవి తీసుకున్నాను.

ప్రశ్న: మా వారి స్నేహితులు వచ్చే శనివారం మమ్మల్ని జాజ్ సప్పర్ క్లబ్‌కి రమ్మన్నారు. నాకు జాజ్‌లో ఓనమాలు కూడా తెలియవు. ఫోన్‌లో రెండు మూడు పాటలు విన్నాను, అంతా గందరగోళం, పాట ఎక్కడ మొదలైందో ఎక్కడ అయిపోయిందో అర్థం కాలేదు. అక్కడ రెండు గంటలు బొమ్మలా కూర్చోవాలా? ముందే ఏమైనా చదువుకుని వెళ్లాలా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఏమీ చదవొద్దండీ. పేర్లు, తేదీలు, శైలులు బట్టీ పట్టుకుని వెళ్తే అక్కడ వినడం మానేసి పరీక్ష రాస్తున్నట్టు కూర్చుంటారు. అయితే మీకు గందరగోళంగా అనిపించినదానికి ఒక లెక్క ఉంది, అది చెప్తాను, అది తెలిస్తే చాలు.

పాట మొదట్లో అందరూ కలిసి అసలు బాణీ వాయిస్తారు. దాన్ని వాళ్లు ‘హెడ్’ అంటారు. చాలా పాటలకు అది 32 బార్లు (బార్ అంటే మన తాళంలో ఒక ఆవర్తంలాంటిది, మామూలుగా నాలుగు దెబ్బలు) ఉంటుంది, ఎనిమిదేసి బార్ల చొప్పున నాలుగు ముక్కలు. ఎక్కువగా మొదటి రెండూ చివరిదీ ఒకే బాణీలో ఉంటాయి, మూడోది ఒక్కటే వేరుగా ఉంటుంది, దాన్ని బ్రిడ్జి అంటారు. బ్లూస్ అయితే ఇంకా చిన్నది, మామూలుగా 12 బార్లే. ఈ హెడ్ అయిపోగానే బాణీ కనపడకుండా పోతుంది, మీరు తప్పిపోయేది ఇక్కడే. కానీ బాణీ పోయినా దాని కింద ఉన్న కార్డుల (కలిపి మోగే స్వరాల గుంపుల) వరుస పోదు, అవే 32 బార్లు మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటాయి, ఆ తిరిగేదాని మీద సాక్సోఫోన్ వాయించేవాళ్లు, ఆ తర్వాత పియానో, ఆ తర్వాత బేస్ (మంద్రంగా పలికే పెద్ద తీగల వాయిద్యం), ఒకరి తర్వాత ఒకరు అప్పటికప్పుడు కొత్త బాణీ కట్టుకుంటూ పోతారు, దాన్నే సోలో అంటారు. చివరికి అందరూ మళ్లీ హెడ్‌కి వచ్చి ముగిస్తారు.

కాబట్టి మీరు చేయాల్సింది ఒకటే. మొదట్లో విన్న బాణీని గుర్తు పెట్టుకుని, సోలో నడుస్తున్నంతసేపూ దాన్ని మనసులో సన్నగా పాడుకుంటూ ఉండండి. మొదటి పాటకి కుదరదు. మూడో పాటకి కుదురుతుంది. అప్పటిదాకా ఎటో పోతున్నట్టున్న సాక్సోఫోన్ మీరు పాడుకుంటున్న చోటికే, సరిగ్గా మీ బ్రిడ్జి దగ్గరికే వచ్చి మలుపు తిరగడం తెలుస్తుంది, ఆ క్షణంలో మీకు నవ్వు వస్తుంది, చూడండి.

ఇంకో సంగతి కూడా చెప్తాను, ఇది రికార్డు వింటే దొరకదు, గదిలో కూర్చుంటేనే దొరుకుతుంది. వాయించేవాళ్లలో ఒకరు ఉన్నట్టుండి తన నడినెత్తి మీద వేలితో తట్టుకుంటారు. తలనొప్పి కాదు. ‘ఇక హెడ్‌కి పోదాం’ అని మిగతావాళ్లకి సైగ. నాలుగు వేళ్లు చూపిస్తే, ఇకనుంచి నాలుగు బార్లు నేను, నాలుగు బార్లు డ్రమ్స్, అని వంతులు వేసుకోవడం. ఇవన్నీ ముందు అనుకున్నవి కావు, అక్కడే, పాట నడుస్తుండగానే కళ్లతో, చేతులతో మాట్లాడుకుంటారు. మీకు సంగీతం అర్థం కాని క్షణాల్లో వాళ్ల కళ్లు ఎటు చూస్తున్నాయో చూడండి. అదే సగం పాఠం చెప్తుంది.

ప్రశ్న: పాట మధ్యలోనే చప్పట్లు కొడుతున్నారు. అది తప్పు కాదా? నేను కొట్టాలా వద్దా తెలియక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

జవాబు: తప్పు కాదు. ఒకరి సోలో అయిపోయి రెండోవాళ్లు అందుకుంటున్నప్పుడు కొట్టడం అక్కడ మామూలే, కచేరీలో తని ఆవర్తనం అవగానే కొట్టినట్టు. మీకు నచ్చితే కొట్టండి, నచ్చకపోతే మానండి, ఎవరూ లెక్కపెట్టరు. ఒక్కచోట మాత్రం ఆగితే బాగుంటుంది. మెల్లగా సాగే బాలడ్‌లో చివరి స్వరం ఇంకా గాలిలో ఉండగానే టపటపా మొదలుపెట్టేవాళ్లుంటారు. డ్రమ్మర్ సింబల్ (కర్రతో మోగించే లోహపు పళ్లెం) మోగుతూనే ఉంటుంది, పియానో వాయించేవాళ్ల కాలు పెడల్ మీదే ఉంటుంది. ఆ కాలు లేచేదాకా ఆగండి.

ప్రశ్న: జాజ్ అంటే డాన్సు సంగీతమని చదివాను. మరి ఈ క్లబ్బుల్లో అందరూ కుర్చీలకు అతుక్కుని ఎందుకు కూర్చుంటారు?

జవాబు: మంచి ప్రశ్న, దీని వెనక ఒక పన్ను కథ ఉంది. 1930ల్లో అమెరికాలో జాజ్ అంటే డాన్సే. న్యూయార్క్ హార్లెమ్‌లో 1926లో తెరిచిన సవాయ్ బాల్‌రూమ్‌లాంటి చోట్ల పెద్ద పెద్ద బ్యాండ్లు వాయిస్తుంటే వందలమంది డాన్స్ చేసేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1944లో అక్కడి ప్రభుత్వం క్యాబరే పన్ను పెంచింది. తిండి, డ్రింక్స్ అమ్మేచోట డాన్సు గానీ పాడటం గానీ ఉంటే బిల్లు మీద 30 శాతం కట్టాలి. ఆ ఏడే దాన్ని 20 శాతానికి దించారు, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఉండిపోయింది. డాన్సు లేకుండా, పాడకుండా వాయిద్యాలు మాత్రమే మోగితే ఆ పన్ను లేదు.

ఇక యజమానులు ఏం చేస్తారో చెప్పాలా? డాన్స్ ఫ్లోర్ తీసేసి అక్కడా బల్లలే వేశారు. పదహారు మంది బ్యాండ్ బదులు నలుగురో ఐదుగురో వాయించేవాళ్లను పెట్టుకున్నారు. ఇదొక్కటే కారణమని నేననను, యుద్ధం వల్ల వాద్యకారులు సైన్యంలోకి పోయారు, పెద్ద బ్యాండ్‌ని ఊళ్లు తిప్పడం ఖర్చయింది, సంగీతమే వేరే దారి పట్టింది. కానీ కూర్చుని వినే చిన్న గది అనే అలవాటు పెరగడానికి ఆ పన్ను చెయ్యి గట్టిగానే ఉంది. కూర్చున్న జనం ముందు వాయించేటప్పుడు డాన్సుకి తగ్గ వేగంలోనే ఉండాలన్న బాధ్యత లేదు. విపరీతమైన వేగంతో వాయించొచ్చు, అసలు కదలనట్టుగానూ వాయించొచ్చు.

ప్రశ్న: మా నాన్నగారికి సంగీతమంటే ప్రాణం. జాజ్ క్లబ్‌కి తీసుకెళ్తానంటే, ‘తినేచోట, తాగేచోట వాయించేది సంగీతమేంటి, పక్కన ప్లేట్లు మోగుతుంటే ఎవరు వింటారు’ అని కొట్టిపారేశారు. ఆయనకేం చెప్పాలి?

జవాబు: ఆయన మాటలో సగం నిజముంది, ఆ సగం గురించి తర్వాతి ప్రశ్నలో మాట్లాడదాం. మిగతా సగానికి మాత్రం నేను గట్టిగానే జవాబు చెప్తాను. ఈ సంగీతం అలాంటి గదుల్లోనే పెరిగింది, వేరే చోట పెరిగి ఇక్కడికి దిగిరాలేదు.

హార్లెమ్‌లో 1938లో హెన్రీ మింటన్ అనే ఆయన మింటన్స్ ప్లేహౌస్ అని ఒక చిన్న క్లబ్ తెరిచాడు. 1940 దాటాక అక్కడ పియానో మీద థెలోనియస్ మంక్, డ్రమ్స్ మీద కెన్నీ క్లార్క్ ఉండేవాళ్లు. సోమవారం రాత్రుళ్లు, దగ్గర్లోని అపోలో థియేటర్‌లో ప్రదర్శనలిచ్చే కళాకారులకు అక్కడ ఊరికే భోజనం పెట్టేవాళ్లు. తిన్నాక వాయించేవాళ్లు. ట్రంపెట్‌తో డిజ్జీ గిలెస్పీ, సాక్సోఫోన్‌తో చార్లీ పార్కర్, గిటార్‌తో చార్లీ క్రిస్టియన్ వచ్చేవాళ్లు. తర్వాత లోకమంతా బీబాప్ అని పిలిచిన సంగీతం రూపు దిద్దుకున్న గదుల్లో అదొకటి. భోజనం పెట్టినందుకు పుట్టిందని నేననడం లేదు, కానీ మీ నాన్నగారికి ఈ సంగతి చెప్పండి, ఆ గదిలో తిండీ సంగీతమూ ఒకదానికొకటి అడ్డం రాలేదు.

ఇంకొకటి కూడా చెప్పండి. న్యూయార్క్‌లో 1940 నుంచి 1967 దాకా, మద్యం అమ్మే క్లబ్బుల్లో వాయించాలంటే పోలీసులిచ్చే క్యాబరే కార్డు ఉండాలి. గాయని బిల్లీ హాలిడేకి 1947లో ఆ కార్డు పోయింది. మంక్‌కి 1951లో పోయింది. 1957 దాకా, అంటే ఆరేళ్లు, ఆయన సొంత ఊళ్లో క్లబ్బుల్లో కూర్చుని వాయించడానికి వీల్లేకపోయింది. కార్డు తిరిగొచ్చాక ఆ ఏడాదే ఫైవ్ స్పాట్ అనే చిన్న క్లబ్‌లో నెలల తరబడి వాయించాడు, పక్కన సాక్సోఫోన్‌తో జాన్ కోల్ట్రేన్. అంత పెద్ద కళాకారుడికి పెద్ద హాళ్లు లేక కాదు బాధ, రోజూ రాత్రి వాయించే ఆ చిన్న గది లేక బాధ. ఆ గది వాళ్లకి బతుకుతెరువు, సాధన చేసే చోటు, రెండూ.

నాన్నగారిని ఒక్కసారి తీసుకెళ్లండి. ముందు వరుసలో, పియానో దగ్గర కూర్చోబెట్టండి. ఆపైన ఆయనిష్టం.

ప్రశ్న: ఎప్పుడు ఆర్డర్ ఇవ్వాలి, ఎప్పుడు తినాలి? బ్యాండ్ వాయిస్తుంటే నములుతూ కూర్చోవడం నాకు మొహమాటంగా ఉంటుంది. చెంచా ప్లేటుకి తగిలితే పక్క బల్లవాళ్లు తిరిగి చూస్తున్నారేమో అనిపిస్తుంది.

జవాబు: మొహమాటపడకండి, తినడానికే ఆ బల్ల వేశారు. సెట్ (బ్యాండ్ విరామం దాకా వాయించే ఒక విడత) మొదలవడానికి గంటముందు వెళ్లండి. వెళ్లగానే ఆర్డర్ ఇచ్చేయండి, కోసుకుని తినాల్సినవి, చేతికి పని ఎక్కువగా ఉన్నవి మొదటి పాట కంటే ముందే ముగించండి, ఆ తర్వాత తీపి ఏదైనా ఉంటే మెల్లగా తినండి. మధ్యలో వెయిటర్‌ని పిలవాలంటే చెయ్యి ఎత్తండి చాలు, ఇలాంటి చోట పనిచేసేవాళ్లు చీకట్లో సైగ కనిపెట్టడంలో ఆరితేరిపోయి ఉంటారు. పాట మధ్యలో వస్తే తలుపు దగ్గరే ఆగి, పాట అయ్యాక బల్ల దగ్గరికి వెళ్లండి.

చెంచా చప్పుడు గురించి మీకో రికార్డు సంగతి చెప్పాలి. న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అని ఒక క్లబ్ ఉంది. 1935లో మాక్స్ గార్డన్ తెరిచాడు, మెట్లు దిగి వెళ్లాలి, కోసిన కేకు ముక్కలా ఒక వైపుకి సన్నబడే గది, పట్టేది నూట ఇరవై మందికి కాస్త అటూ ఇటూ. ఇప్పుడు అక్కడ భోజనం లేదు, పాత వంటగదిలోనే కళాకారులు సెట్ల మధ్య కూర్చుంటారు. ఆ గదిలో 1961 జూన్ 25, ఆదివారం నాడు పియానో వాయించే బిల్ ఎవాన్స్, బేస్ వాయించే స్కాట్ లఫారో, డ్రమ్స్ వాయించే పాల్ మోషన్ ముగ్గురూ మధ్యాహ్నం రెండు సెట్లు, రాత్రి మూడు సెట్లు వాయించారు. అన్నీ రికార్డయ్యాయి. పదకొండు రోజులకి, జులై 6న, లఫారో కారు ప్రమాదంలో పోయాడు. వయసు 25. ఆ ముగ్గురూ మళ్లీ కలిసి వాయించలేదు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ రికార్డింగులు వినండి. బేస్ తీగ మీద వేలు జారడం వినిపిస్తుంది, దాని వెనకే గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు, ఎవరో ఆడమనిషి నవ్వు, గుసగుసలు, పాట అయ్యాక పల్చగా నాలుగు చప్పట్లు. మొదటిసారి విన్నప్పుడు నాకు కోపం వచ్చింది. ఎదురుగా అలాంటి సంగీతం జరుగుతుంటే వీళ్లు కబుర్లెలా చెప్పుకోగలిగారు అని. ఎన్నోసార్లు విన్నాక గ్లాసుల చప్పుడు మీద నా కోపం పోయింది, ఆ చప్పుడు వల్లే అది గది అని, మనుషులు దగ్గరగా కూర్చున్నారని తెలుస్తుంది. మాటల మీద మాత్రం పోలేదు.

దీనికి ఎనిమిది నెలల ముందు, 1960 అక్టోబరులో బేస్ వాద్యకారుడు చార్లెస్ మింగస్ ఒక ఆల్బమ్ రికార్డు చేశాడు. జనం లేని స్టూడియో అది. అయినా క్లబ్‌లో ఉన్నట్టే ఊహించుకుని, పాటకి ముందు, చప్పట్లు కొట్టొద్దు, గ్లాసుల్లో ఐసు గలగలలాడించొద్దు, క్యాష్ మెషిన్ మోగించొద్దు అని చెప్పి మరీ మొదలుపెట్టాడు. నిజం క్లబ్బుల్లో కూడా మాట్లాడేవాళ్ల మీద ఆయన మండిపడేవాడు. ఐసు దాకా నేను పోను గానీ, ఆయన బాధ నాకర్థమవుతుంది.

నాకెలా అర్థమైందో కూడా చెప్తాను. మొదట్లో ఒకసారి, పియానో ఆగింది, డ్రమ్స్ దాదాపు ఆగాయి, కాస్త విరామం అనుకుని పక్కనున్న స్నేహితుడితో మామూలు గొంతుతో ఏదో అన్నాను. ఏమన్నానో కూడా గుర్తులేదు, అంత అవసరం లేని మాట. అది విరామం కాదు, బేస్ సోలో. నా గొంతు గదంతా వినిపించింది. బేస్ వాయించే పెద్దాయన నావైపు చూడలేదు, కళ్లు మూసుకునే ఉన్నాడు, కానీ వాయిస్తున్న వాక్యాన్ని అక్కడికి వదిలేసి ఇంకో చిన్న వాక్యం వాయించి తొందరగా ముగించేశాడు. ఇంకో రెండు చుట్లు వాయించేవాడేమో. ఆ రాత్రి ఆ రెండు చుట్లు ఎవరికీ దక్కలేదు, కారణం నేను. ఇది జరిగి చాలా ఏళ్లయింది, ఇప్పటికీ బేస్ సోలో మొదలవగానే నా చెయ్యి గ్లాసు మీద నుంచి దానంతటదే వెనక్కి వస్తుంది.

కాబట్టి చెంచా గురించి దిగులు పెట్టుకోకండి. మిగతా వాయిద్యాలు తగ్గి బేస్ ఒక్కటే మిగిలినప్పుడు నోరు మూసుకోండి. మాట కటువుగా ఉంటే క్షమించండి, మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు.

ప్రశ్న: ఏ బల్ల అడగాలి? బుకింగ్‌లో ‘స్టేజి దగ్గర’ అని ఉంటే వెంటనే తీసేసుకోవాలా?

జవాబు: స్టేజి దగ్గర అంటే ఎవరి దగ్గర అని అడగండి. సింబల్స్ ఎదురుగా రెండడుగుల్లో కూర్చుంటే రెండో పాటకి చెవులు గింగురుమంటాయి, పియానో వినపడదు. సాధారణంగా పియానో కీబోర్డు మనకి ఎడమవైపు ఉంటుంది, అందుకని చేతులు చూడాలనుకుంటే ఎడమవైపు బల్ల అడగండి. నాకిష్టమైనది స్టేజి నుంచి రెండో వరుస, మధ్యకి కాస్త ఎడమగా. అక్కడ బేస్ చెక్కపెట్టె మోత నేరుగా వస్తుంది, స్పీకర్‌లోంచి వచ్చేది కాదు. బార్ పక్కన బల్ల ఊరికే ఇచ్చినా వద్దనండి, కాఫీ మెషిన్ బుస్సుమనడం, ఐసు పగలగొట్టడం, బిల్లుల గొడవ, అన్నీ అక్కడే.

ప్రశ్న: మేమిద్దరం తిన్నది కొంచెమే, బిల్లు చూస్తే గుండె ఝల్లుమంది. సంగీతానికి వేరే, ‘మినిమమ్’ అని ఇంకొకటి, సర్వీసు ఇంకొకటి. రెండో సెట్‌కి ఉంటామంటే మళ్లీ కట్టమన్నారు. ఇది మోసం కాదా?

జవాబు: ముందు చెప్పకపోతే తప్పే, చెప్పి తీసుకుంటే మోసం కాదు. కవర్ ఛార్జి అంటే సంగీతానికి ఇచ్చేది, తలకింత. మినిమమ్ అంటే ఒక్కొక్కరూ కనీసం అంత విలువైన తిండో డ్రింకో తీసుకోవాలని. గది చిన్నది, రాత్రికి నిండేది ఆ కాసిని కుర్చీలే, ఒక కుర్చీలో మనిషి ఒక్క కాఫీతో మూడు గంటలు కూర్చుంటే ఆ గది ఎక్కువకాలం ఉండదు. వాయించేవాళ్లకి కొన్నిచోట్ల ముందే మాట్లాడుకున్న మొత్తం ఇస్తారు, కొన్నిచోట్ల కవర్ ఛార్జి వసూళ్లలో వాటా ఇస్తారు.

ఈసారి బుక్ చేసేటప్పుడు ఫోన్‌లోనే అడిగేయండి, కవర్ ఒక సెట్‌కా రాత్రి మొత్తానికా, మినిమమ్‌లో డ్రింక్స్ కూడా లెక్కకొస్తాయా, మొదటి సెట్ అయ్యాక బల్ల ఖాళీ చేయాలా అని. మొహమాటపడి అడక్కపోతే ఆ మొహమాటమే బిల్లులో కనపడుతుంది. స్టేజి దగ్గర టిప్పుల గిన్నె ఉంటే అది బ్యాండ్‌కి, వెయిటర్‌కిచ్చే టిప్పు వేరు.

ప్రశ్న: ఫోన్‌తో వీడియో తీయొచ్చా?

జవాబు: చాలాచోట్ల వద్దంటారు. వద్దనకపోయినా ఆ చీకటి గదిలో మీ స్క్రీన్ వెలుగు వెనకున్న ముగ్గురి కళ్లల్లో పడుతుంది. గుర్తు కోసం కావాలంటే మొదటి పాటకి ముందు ఒక ఫొటో, ఫ్లాష్ లేకుండా, తీసి లోపల పెట్టేయండి.

ప్రశ్న: నేను మద్యం తీసుకోను. ఒంటరిగా వెళ్లాలనుంది. రెండూ కలిపి చూస్తే ఎబ్బెట్టుగా ఉంటుందేమో?

జవాబు: ఉండదు. ఒంటరిగా వచ్చేవాళ్లే చాలాసార్లు బాగా వింటారు. మద్యం లేనివి ఏవైనా తీసుకోవచ్చు, మినిమమ్ దాటితే చాలు. మీలాంటివాళ్ల గురించి పాతకాలంలోనే ఆలోచించారు, న్యూయార్క్‌లో 1949లో తెరిచిన బర్డ్‌ల్యాండ్‌లో (చార్లీ పార్కర్‌కి బర్డ్ అని ముద్దుపేరు, దాని మీదే ఆ పేరు) బల్లలు కాకుండా ఒక పక్క ఉత్త కుర్చీల వరుసలు ఉండేవి. తినకుండా, తాగకుండా, టికెట్ డబ్బులతోనే రాత్రంతా అక్కడ కూర్చుని వినొచ్చు. ఒక్కరే అయితే బుకింగ్‌లో ఆ మాట చెప్పండి, స్టేజికి దగ్గరగా ఎక్కడో ఒక కుర్చీ ఇరికించి ఇస్తారు, జంటలకి దొరకని చోటు.

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్లు, డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు, రాక్ తప్ప ఇంకేదీ వినడు. తీసుకెళ్తే రానిస్తారా? వాడికక్కడ ఏం చూపించాలి?

జవాబు: రానిస్తారో లేదో ఆ ఊరి నిబంధనల మీద, క్లబ్ మీద ఆధారపడి ఉంటుంది, ఫోన్ చేసి కనుక్కోండి. కొన్నిచోట్ల పెద్దవాళ్లతో మొదటి సెట్‌కి ఒప్పుకుంటారు.

రానిస్తే డ్రమ్మర్ చేతులు కనపడేచోట కూర్చోండి, వాడికి ఏమీ చెప్పకండి, రెండు పాటలు అలా వదిలేయండి. తర్వాత మెల్లగా ఎడమకాలు చూడమనండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతుంటే రెండు మీదా నాలుగు మీదా హైహాట్ (ఒకదాని మీద ఒకటి ఉండే జంట సింబల్స్) ‘చిక్’ అని మూసుకుంటుంది. కుడిచేయి రైడ్ సింబల్ మీద ‘టింగ్, టింగ్-కటింగ్’ అంటూ సాగుతుంది. వాడు నేర్చుకునే రాక్‌లో లయ ప్రధానంగా కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (ముందుండే చిన్న డ్రమ్) మీద ఉంటుంది, ఇక్కడ సింబల్ మీద ఉంటుంది. ఒక్క ఈ తేడా చాలు, ఇంటికొచ్చి ప్రయత్నిస్తాడు, రాదు, మళ్లీ ప్రయత్నిస్తాడు.

బాలడ్ వస్తే మాత్రం వాడి భుజం తట్టండి. డ్రమ్మర్ కర్రలు కింద పెట్టి బ్రష్‌లు తీస్తారు, సన్నటి ఉక్కుతీగల కుచ్చు, విసనకర్రలా విచ్చుకుంటుంది. ఎడమచేత్తో స్నేర్ మీద దాన్ని గుండ్రంగా తిప్పుతూ ఉంటారు, ఎత్తకుండా, కొట్టకుండా. స్నేర్ పైన పరిచిన పొర తెల్లగా, గరుగ్గా ఉంటుంది, నున్నగా ఉంటే బ్రష్ పలకదు. ఆ గరుకు మీద తీగలు రాసుకుంటూ ‘స్‌ష్… స్‌ష్…’ అని ఎవరో పక్కగదిలో నెమ్మదిగా ఊడుస్తున్నట్టు వినిపిస్తుంది. డ్రమ్స్ అంటే కొట్టడమే అనుకునే పిల్లాడు అది అడుగు దూరం నుంచి చూడాలి. నేను చూసినప్పుడు ఆ డ్రమ్మర్ కుడిచేయి తాళం వేస్తుంటే ఎడమచేయి ఒక్కసారి కూడా స్నేర్ మీద నుంచి లేవలేదు, పాట మొత్తం, ఆరేడు నిమిషాలు.

ప్రశ్న: నచ్చిన పాట అడగొచ్చా? వాయించేవాళ్లతో మాట్లాడొచ్చా? రెండో సెట్‌కి కూడా ఉండాలా, మొదటిది చాలా?

జవాబు: పాట మధ్యలో కేక వేసి అడగొద్దు. గాయని ఉండి, ‘ఏం పాడమంటారు’ అని ఆమే అడిగితే చెప్పండి. విరామంలో వాళ్లు బార్ దగ్గరికో బయటికో వస్తారు, అప్పుడు వెళ్లి ‘ఆ మూడో పాట పేరేంటండీ’ అని అడగండి. బాగుంది అనడం కంటే ఆ ప్రశ్న వాళ్లకెక్కువ సంతోషం, విన్నారని తెలుస్తుంది కదా. రెండు నిమిషాలు మాట్లాడి వదిలేయండి, వాళ్లు అప్పటికి ఏమీ తిని ఉండరు.

రెండో సెట్‌కి ఉండగలిగితే ఉండండి, డబ్బు రెండోసారి కట్టాల్సి వచ్చినా ఒక్కసారి ఉండి చూడండి. మొదటి సెట్‌లో గది నిండా జనం, ప్లేట్ల రాకపోకలు, బ్యాండ్ కూడా నలుగురికీ నచ్చేవే ఎంచుకుంటుంది. రెండో సెట్‌కి సగం బల్లలు ఖాళీ అయిపోతాయి, వంటగది మూసేస్తారు, వెయిటర్లు కూడా గోడకానుకుని వింటుంటారు. వేరేచోట తమ పని ముగించుకున్న వాద్యకారులు ఒకరిద్దరు పెట్టెలు మోసుకుంటూ లోపలికొస్తారు, ఒక్కోసారి వాళ్లని స్టేజి మీదకి పిలుస్తారు. పాటలు పొడుగవుతాయి. పియానిస్ట్ ఎవరికీ చెప్పకుండా ఏదో మొదలుపెడతారు, బేస్ వాద్యకారుడు నాలుగైదు సెకన్లు తీగల మీద వేళ్లు ఆనించి వింటూ ఉండి, పాట ఏదో పట్టుకుని, తల ఊపి అందుకుంటాడు. మీరు రెండో వరుసలో ఉంటే ఆ నాలుగైదు సెకన్లూ అతని మొహం కనపడుతుంది.